మోకీ డగ్‌వే గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ మోకీ డగ్‌వే గారికి,
కొండచరియ మీది మలుపుల కంకర రోడ్డు,
261వ నంబరు హైవే, యూటా రాష్ట్రం, అమెరికా.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. మీరూ క్షేమమే అయి ఉంటారు. కొండచరియను పట్టుకుని వేలాడటం మీకు 1958 నుంచీ అలవాటేగా.

నా ఫిర్యాదు ఒక్కటే. మీరు ఫొటోలో పడరు.

నేచురల్ బ్రిడ్జెస్ అనే సహజ రాతి వంతెనలు చూసుకుని దక్షిణంగా వస్తున్నాం. సీడార్ మెసా అనే బల్లపరుపు కొండ మీద తారు రోడ్డు గీత గీసినట్టుంది. అటూ ఇటూ జూనిపర్ చెట్లు. వెనక సీట్లో మా అత్తగారు కునుకు తీస్తున్నారు. ఇంతలో మీ బోర్డులు. 28 అడుగులు దాటిన బండ్లు, 10,000 పౌండ్లు మించిన బండ్లు రావద్దని ఒక సలహా. 11 శాతం వాలు అని ఇంకో కబురు. ఆ తర్వాత తారు అయిపోయింది. కాసేపటికి నేల కూడా అయిపోయింది.

ఈ బోర్డుల పెద్దరికం ఎక్కడిదండీ? మిమ్మల్ని తవ్వించింది టెక్సస్ జింక్ అనే గనుల కంపెనీ. హ్యాపీ జాక్ గనిలోని యురేనియం ఖనిజాన్ని మెక్సికన్ హ్యాట్ అనే ఊరి దగ్గరి మిల్లుకు లారీల్లో దించడానికి. నిండు లోడు లారీలను మోసినవారు, ఇప్పుడు రెండు సూట్‌కేసులున్న మా అద్దె కారుకు జాగ్రత్తలు చెబుతున్నారు! పాపం, ఆ లారీ డ్రైవర్లకు ఫొటోలు తీసే తీరిక ఉండి ఉండదు లెండి.

నాకు మాత్రం ఉందా? లో గేర్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు ఆనీ ఆనకుండా దిగుతున్నాను. టైర్ల కింద కంకర పటపటమంటోంది. మలుపు దగ్గర బానెట్ అవతల రోడ్డుండాల్సిన చోట ఆకాశం ఉంది. చాలాచోట్ల రెయిలింగ్ లేదు. నడిపేవాడికి మీరు చూపించేది ముందున్న ముప్ఫై అడుగులే. కింద వ్యాలీ ఆఫ్ ది గాడ్స్, దూరాన మాన్యుమెంట్ వ్యాలీ, ఆ ఎర్రరాతి లోయలన్నీ పక్క సీటు వాళ్లకే. ఆ పక్క సీటావిడ కళ్లు మూసుకుంది.

కాస్త వెడల్పున్నచోట ఆపి, చెమట చేతులు ప్యాంటుకు తుడుచుకుని పది ఫొటోలు తీశాను. మిట్టమధ్యాహ్నం. నీడ లేదు, నీడ లేక లోతు లేదు. ఫోన్‌లోని వైడ్ లెన్స్ మిమ్మల్ని ఎక్కడికో నెట్టి పురికొస ముక్కను చేసింది. జూమ్ చేస్తే మలుపులన్నీ ఇస్త్రీ చీర మడతల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

వాటినే పంపించాను. రాజమండ్రి నుంచి మామగారి జవాబు వెంటనే వచ్చింది: "ఇదేనా? మన తిరుమల ఘాట్ రోడ్డు దీనికన్నా నయం కదయ్యా."

తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు మామయ్యగారూ, ఇక్కడ ఎదురొచ్చే బండికి మనమే ఒదిగి దారివ్వాలి అని రాశాను. ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది.

ఉక్రోషం పట్టలేక ఆ రాత్రి లెక్క కట్టాను. 11 శాతమంటే వంద అడుగులకు పదకొండు అడుగులు. కోణంలో చూస్తే ఆరు డిగ్రీల పైచిలుకు. ఆరంటే ఆరు! అంటే ఫోన్ అబద్ధమాడలేదు. అరవై అని చెప్పింది నా కడుపు. కానీ మూడు మైళ్లలో 1,100 అడుగులకు పైగా దించేశారు కదా, ఆ సంగతి ఏ లెన్సుకు చెప్పుకోను?

చివరికి సాక్ష్యం ఒకటి దొరికింది. మూడో మలుపులో మా ఆవిడ చేతిలోంచి ఫోన్ జారి కాళ్ల దగ్గర పడింది, వీడియో ఆగలేదు. నాలుగు నిమిషాలూ చీకటే. కంకర చప్పుడు, "మెల్లగా, మెల్లగా" అని మా ఆవిడ, వెనకనుంచి మలుపు మలుపుకీ శ్రుతి పెంచుతూ "గోవిందా" అని అత్తగారు.

అదే పంపించాను. ఈసారి మామగారు ఫోనే చేశారు. "పెళ్లయి నలభై ఏళ్లయింది, మీ అత్త ఇంత గట్టిగా నామం చెప్పగా నేను వినలేదు. ఏం రోడ్డయ్యా అది?"

ఇట్లు,
మీ ఆరు డిగ్రీల బాధితుడు

తా.క.: అద్దె కారు కాగితాల్లో మట్టిరోడ్డు ఎక్కకూడదని రాసి ఉంది. రెండుసార్లు కడిగించినా డోరు సందుల్లో మీ ఎర్ర దుమ్ము పోలేదు. ఎవరైనా అడిగితే మమ్మల్ని చూడలేదని చెప్పండి.