నవంబరు 9 అంటే బెర్లిన్ గోడ ఒక్కటేనా?

పొద్దున లేవంగానే ‘చరిత్రలో ఈ రోజు’ అని వాట్సాప్‌లో పంపేవాళ్ల మీద నాకేం కోపం లేదు. గులాబీ పూల శుభోదయాల కంటే అది వెయ్యి రెట్లు నయం. నా గొడవంతా ఆ జాబితాతోనే. మా నెల్లూరు జిల్లా కావలిలో చదివినా కాన్పూరులో చదివినా అదే జాబితా. అమెరికాలో ఒక చట్టం, ఫ్రాన్సులో ఒక యుద్ధం, ఢిల్లీలో ఒక ప్రమాణ స్వీకారం, చివర్లో ఒక సినిమా హీరో పుట్టినరోజు. మన జిల్లాల ఊసే ఉండదు. ఇక్కడ చరిత్రంటూ ఏమీ జరగనట్టే!

నవంబరు 9 సంగతే తీసుకోండి. మా పదో తరగతి గ్రూపులో మావాడొకడు తెల్లారుజామునే పెట్టాడు. 1799లో నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1918లో జర్మనీ చక్రవర్తి గద్దె దిగాడు. 1947లో జునాగఢ్ మన చేతికొచ్చింది. 1989లో బెర్లిన్ గోడ కూలింది. 2000లో ఉత్తరాఖండ్ పుట్టింది. 2019లో అయోధ్య తీర్పు వచ్చింది. కింద వరసపెట్టి చప్పట్లు, దణ్ణాలు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మందికి పైగా 1989లో ఆ రాత్రి కావలి చుట్టుపక్కల ఊళ్లలో నెత్తిన కప్పు లేకుండా కూర్చున్నవాళ్లే.

"ఒరేయ్, మన తుఫాను ఏదిరా ఇందులో?" అని అడిగా.

"నాకొచ్చిన దాంట్లో లేదు మామా, నేనేం చేసేది?" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. వాడికొచ్చింది వాడు పంపాడు. వాడికి పంపినవాడూ అంతే.

తెలియని పిల్లకాయల కోసం చెప్తున్నా. కావలి తుఫాను అల్లాటప్పా తుఫాను కాదు. పుట్టింది మన సముద్రంలో కూడా కాదు, అటు థాయిలాండ్ గల్ఫ్‌లో. 1989 నవంబరు 3న అక్కడ సీక్రెస్ట్ అనే చమురు తవ్వే ఓడని బోల్తా కొట్టించి 91 మందిని పొట్టన పెట్టుకుంది. 4న చుంఫోన్ దగ్గర ఒడ్డెక్కి, ఆ సన్నటి భూభాగం దాటుకుని మన బంగాళాఖాతంలోకి దిగింది. నేల మీదికెక్కిన తుఫాను మామూలుగా నీరసపడుతుంది. ఇది అట్టా ఊరుకోలేదు. ఇటు దిగాక వెచ్చటి నీళ్ల మీద మళ్లీ బలం పుంజుకుంది. గంటకి 260 కిలోమీటర్ల గాలి అని అమెరికా నౌకాదళం వాళ్ల తుఫాను కేంద్రం లెక్క కట్టింది. బయటి దేశాల రికార్డుల్లో దాని పేరు గే. మనకి మాత్రం అది కావలి తుఫానే. 8వ తేదీ రాత్రికీ 9 తెల్లారుజాముకీ మధ్య కావలి దగ్గర తీరం దాటింది.

మా ఇంటి పెంకులు ఒక్కొక్కటిగా పోలేదు, వరసకి వరస లేచిపోయాయి. మా నాయన మమ్మల్ని మంచం కింద కూర్చోబెట్టి, తడిసిన దుప్పట్లు పైన కప్పాడు. ఇంతలో ఉన్నట్టుండి గాలి నిలిచింది. వాన కూడా తెరిపిచ్చింది. ఇంక అయిపోయిందిలే అనుకుని, గొడ్లు ఎట్టున్నాయో చూసొద్దామని నాయన తలుపు గడి మీద చెయ్యి వేశాడు. మూల నుంచి మా జేజి ఒక్క అరుపు అరిచింది.

"తియ్యబాకరా! ఇప్పుడు ఇంకో పక్క నించి వస్తది!"

వచ్చింది. అప్పటిదాకా ఉత్తరం గోడని కొట్టిన గాలి, ఈసారి దక్షిణం వైపు తలుపుని బద్దలు కొట్టినంత పని చేసింది. తుఫాను కన్ను మన నెత్తి మీదుగా పోతే గాలి కాసేపు ఆగుతుందనీ, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుందనీ నేను పుస్తకంలో చదివింది చాలా ఏళ్ల తర్వాత. మా జేజి బడి మొహం చూడలేదు. 1927లో నెల్లూరు మీద పడ్డ గాలివాన నాటికి ఆమె పదేళ్ల పిల్ల. ఆ పిల్లకి గుర్తుండబట్టి ఆ రాత్రి మా నాయన బతికి బయటపడ్డాడు. చరిత్ర ఎందుకు తెలియాలిరా అని ఎవరన్నా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. నెపోలియన్ కాదు.

తెల్లారి చూస్తే సరుగుడు తోటల్లో కొన్ని చెట్లు దక్షిణానికి తల పెట్టి, కొన్ని ఉత్తరానికి తల పెట్టి పడున్నాయి. అప్పుడు ఎన్నికల జోరు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి, అదే నెలలో లోక్‌సభకీ శాసనసభకీ పోలింగు. సాయం అందించాల్సిన వాళ్లకీ ఓట్లు అడగాల్సిన వాళ్లకీ ఒకేసారి పని పడింది. మీటింగుల కోసం కట్టిన బ్యానర్లు ఎక్కడో చేలల్లో దొరికితే జనం వాటినే కప్పు మీద పరుచుకున్నారు. ఏ పార్టీదని ఎవరూ చూడలేదు. డిసెంబరు వచ్చేసరికి ప్రభుత్వమే మారి చెన్నారెడ్డి గద్దెనెక్కారు.

అదే 9న అయోధ్యలో శిలాన్యాసం జరిగింది. అదే రోజు సాయంత్రం బెర్లిన్‌లో షబోవ్‌స్కీ అనే తూర్పు జర్మనీ నాయకుడు విలేకరుల ముందు ఒక కాగితం చదివి, సరిహద్దు దాటే నిబంధనలు సడలించామన్నాడు. ఎప్పటి నుంచి అని అడిగితే తడబడి, నాకు తెలిసినంతలో ఇప్పటి నుంచే అన్నాడు. జనం గోడ దగ్గరికి పరిగెత్తారు. అప్పుడు అక్కడ ఏడు గంటలు కావస్తోంది, మనకి రాత్రి పదకొండున్నర. బోర్న్‌హోమర్ వీధి వంతెన దగ్గర కాపలావాళ్లు చేతులెత్తేసి గేట్లు తెరిచేసరికి అక్కడ రాత్రి పదకొండున్నర, ఇక్కడ తెల్లారుజామున నాలుగు. అంటే కావలి గడియారం ప్రకారం బెర్లిన్ గోడ తెరుచుకుంది నవంబరు 10న! మన తుఫానుకీ ఇదే తిరకాసు. తీరం దాటింది 8నా, 9నా అన్నది ఏ దేశపు గడియారం పెట్టుకుని చూస్తున్నావన్న దాన్ని బట్టే ఉంటుంది. ‘ఒకే రోజు’ అని అంత ధీమాగా రాసేవాళ్లు ఈ చిన్న సంగతి ఆలోచించిన పాపాన పోరు.

ఇంకొందరుంటారు. తొమ్మిదో తేదీకి ఏదో శక్తి ఉందంటారు. చూడండి, అన్నీ ఆ రోజే జరిగాయంటారు. ఉన్నవి 366 తేదీలు, వెనకాల వేల ఏళ్లు. ఏ తేదీ పట్టుకుని గుంజినా డజను సంఘటనలు రాలతాయి. అందులో శక్తీ లేదు, మహత్యమూ లేదు.

జర్మనీవాళ్లని మాత్రం మెచ్చుకోవాలి. వాళ్లకి నవంబరు 9 అంటే గోడ కూలిన సంబరమొక్కటే కాదు. 1923లో మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు కూలిపోయిందీ ఆ రోజే. 1938లో యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన రాత్రీ అదే. అందుకే దేశం ఏకమైనందుకు పండుగ చేసుకోవడానికి ఆ తేదీ వద్దనుకుని, 1990లో లాంఛనంగా కలిసిన అక్టోబరు 3ని పెట్టుకున్నారు. ఒక తేదీ కింద ఏమేం ఉన్నాయో అన్నీ చదివాక తీసుకున్న నిర్ణయం అది. మనం చేసేది చదవడం కాదు, ఫార్వర్డ్ చెయ్యడం.

డిసెంబరు 15 చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. జాబితాలో రెండు వరసలు పక్కపక్కనే ఉంటాయి. 1950, సర్దార్ పటేల్ మరణం. 1952, పొట్టి శ్రీరాములు మరణం. రెండు ఫొటోలు, రెండు దణ్ణాలు, చాప్టర్ క్లోజ్. అయ్యా, ఆ రెండు వరసల మధ్య ఎంత కథ ఉందో తెలుసా? 1948 డిసెంబరులో జైపూర్ కాంగ్రెస్ ఒక కమిటీ వేసింది. జవహర్‌లాల్, వల్లభాయ్, పట్టాభి. ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు తీసుకుని దాన్ని జేవీపీ కమిటీ అన్నారు. పట్టాభి మనవాడే, బందరు డాక్టరు. భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దని 1949 ఏప్రిల్‌లో వాళ్లు నివేదిక ఇచ్చారు. ఆంధ్రకి మాత్రం ఒక సందు ఉంచారు. మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే చూద్దామన్నారు. మూడేళ్ల తర్వాత శ్రీరాములు గారు అదే మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారింట్లో అక్టోబరు 19న దీక్షకి కూర్చున్నది మద్రాసుతో కూడిన ఆంధ్ర కోసమే. 58 రోజులు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం పోయింది. 19న నెహ్రూ రాష్ట్రం ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. అంటే పటేల్ సంతకం పెట్టిన కాగితంలోని షరతే చివరికి నెగ్గింది. ఈ ఒక్క ముక్క రాసి పంపితే, ఆ తేదీ పక్కన ఇద్దరి పేర్లు ఎందుకు చదవాలో పిల్లలకి తెలుస్తుంది కదా!

శ్రీరాములు గారు పుట్టింది మద్రాసులోనే అయినా పూర్వీకులది కనిగిరి వైపు. దళితుల్ని గుళ్లోకి రానివ్వాలని 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడి కోసం ఉపవాసం చేశారు. ఈ సంగతి ఏ జాబితాలోనూ నాకు కనపడలేదు. 2008లో జిల్లా పేరు ముందు ఆయన పేరు చేర్చాం, అంతటితో మన బాధ్యత తీరిపోయింది. ఆయన పుట్టినరోజు మార్చి 16న మా గ్రూపులో ఏమొస్తుందో చెప్పమంటారా? సచిన్ నూరో సెంచరీ. 2012, మీర్పూర్. సచిన్ అంటే నాకూ ప్రాణమే, కానీ ఇంకొక వరస పట్టదా ఆ ఫోనులో?

ఆగస్టు 23దీ ఇదే కథ. 1872లో వినోదరాయునిపాలెంలో టంగుటూరి ప్రకాశం పుట్టిన రోజు. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు కూడా. ఇప్పుడది జాతీయ అంతరిక్ష దినం, బళ్లలో రాకెట్టు బొమ్మల పోటీలు. చాలా సంతోషం. ఆ రాకెట్టు లేచింది శ్రీహరికోట నుంచే కదా. 2022లో అది తిరుపతి జిల్లాలోకి పోయినా మా నోటికి ఇంకా నెల్లూరు శ్రీహరికోటే. ఒక జిల్లాకి పేరిచ్చిన మనిషి, ఒకప్పటి పక్క జిల్లా నుంచి లేచి చంద్రుడి మీద దిగిన నౌక, ఇద్దరిదీ ఒకే తేదీ. పైసా ఖర్చు లేకుండా దొరికిన పాఠం ఇది. ఒంగోలు పిల్లకాయలకి కూడా రాకెట్టు ఒక్కటే కనపడితే ఎట్టా?

"ప్రపంచ చరిత్ర తెలియొద్దా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. తెలియాలి నాయనా. బెర్లిన్ తీసెయ్యమని నేను అన్లేదు. బెర్లిన్ పక్కన కావలి పెట్టమంటున్నా. నెపోలియన్‌కీ ఉత్తరాఖండ్‌కీ చుట్టరికం ఏమీ లేదు, తేదీ కలిసిందంతే. అదే ఒకే తేదీ, ఒకే సంవత్సరం అయితే లెక్క వేరు. లోకం ఒక పక్క సంబరం చేసుకుంటుంటే మనం ఇక్కడ ఏ స్థితిలో ఉన్నామో అందులో తెలుస్తుంది.

ఇంకో సంగతి. తుఫానులో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లలో ఈ ఇంగ్లీషు తేదీతో పనే లేదు. కార్తీకంలో తిథి చూసుకుని తద్దినం పెడతారు. అది ఒక ఏడు అక్టోబరు చివర్లో రావచ్చు, ఇంకో ఏడు నవంబరు చివరి వారందాకా పోవచ్చు. మన పెద్దోళ్లు సంవత్సరం అంకె కూడా చెప్పరు. "పెద్ద గాలివానప్పుడు మీ చిన్నాన్న చంటోడు" అంటారు. ఆ లెక్క తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. జాబితాలు చేసేవాళ్లకి ఆ తేదీలు దొరకవు, ఎక్కడా రాసిలేవు గనక.

కాబట్టి ఈ పోస్టు కింద సూపరన్నా, బాగా చెప్పావన్నా లాంటివి వద్దు. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, రామాయపట్నం వైపు వాళ్లు ముందు రాయండి. ఆ రాత్రి మీ ఊళ్లో నీళ్లు ఎందాకా వచ్చినాయి, ఎవరింట్లో తలదాచుకున్నారు, కరెంటు ఎన్నాళ్లకి వచ్చింది. మీకు గుర్తు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే పెట్టండి, భాష సరిచెయ్యబాకండి. నేను అన్నీ ఒక ఫైల్లో ఎక్కించి, వచ్చే నవంబరు 9న తెల్లారుజామున మావాడికంటే ముందే గ్రూపులో పెడతా.