పది ప్రశ్నలతో ఐక్యూ తేలదు

"ఐన్‌స్టీన్ ఐక్యూ 160. ఐక్యూ పుట్టుకతో వస్తుంది, చచ్చేదాకా మారదు. అది ఎక్కువున్నవాళ్లే గొప్పవాళ్లవుతారు. ఈ పది ప్రశ్నలతో మీ పిల్లల ఐక్యూ తెలుసుకోండి." ఈ మెసేజ్ ఎందరి ఫోన్లలోనో తిరుగుతోంది. దాన్ని నమ్మి సొంత పిల్లల మీదే ముద్ర వేసేస్తున్నారు. అందుకే ఇందులోని ఒక్కో మాటా పరిశీలించాలి.

ఐన్‌స్టీన్ ఐక్యూ పరీక్ష రాసినట్టు ఎక్కడా ఆధారం లేదు. ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ తమ తెలివి పరీక్షను బయటపెట్టింది 1905లో. అదే ఏడాది 26 ఏళ్ల ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతంపై తొలి పత్రం ప్రచురించాడు. 160 అన్నది తర్వాతివాళ్లు అంటగట్టిన అంకె.

పుట్టుకతో వస్తుంది, మారదు అన్న మాటే అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తోంది. బినే ఆ పరీక్ష పెట్టింది బడిలో వెనకబడిన పిల్లల్ని గుర్తించి, వాళ్లకు ప్రత్యేకంగా చదువు చెప్పించడానికి. తెలివి పెరగదనే వాదాన్ని 1909లో ఆయనే క్రూరమైన నిరాశావాదం అని ఖండించాడు. వంశపారంపర్య ప్రభావం ఉంది, కాదనను. అంతమాత్రాన స్కోరు కదలకుండా ఉండిపోదు. స్టువర్ట్ రిచీ, ఇలియట్ టక్కర్-డ్రాబ్ ఆరు లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి 1 నుంచి 5 పాయింట్లు పెరిగినట్టు తేలింది. 20వ శతాబ్దంలో చాలా దేశాల్లో, పాత కొలమానంతోనే లెక్కిస్తే, సగటు స్కోరు పదేళ్లకు సుమారు 3 పాయింట్ల చొప్పున పెరిగిందని పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ చూపించాడు. జన్యువులు అంత తొందరగా మారవు కదా!

ఇక పది ప్రశ్నల క్విజ్. అసలు పరీక్షలో సైకాలజిస్ట్ ఎదురుగా కూర్చుని, ఒక్కో పిల్లవాడికీ గంట దాకా, ఒక్కోసారి అంతకు మించి సమయం ఇస్తారు. సెకనుకొకటి చొప్పున 5, 2, 9, 4 అని చదివితే, పిల్లవాడు 4, 9, 2, 5 అని తిరగేసి చెప్పాలి. ఎరుపు, తెలుపు దిమ్మెలు పేర్చి బొమ్మలో చూపిన డిజైన్ తేవాలి, పక్కన స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది. మాటలకు అర్థాలు చెప్పాలి. వచ్చిన మార్కుల్ని అదే వయసు వాళ్ల మార్కులతో పోల్చి, సగటు 100 అయ్యేలా లెక్కగడతారు. మూడింట రెండొంతుల మంది 85-115 మధ్యే ఉంటారు. అంటే ఐక్యూ ర్యాంకు లాంటిది. 140 వచ్చినవాళ్లకు 70 వచ్చినవాళ్లకంటే రెట్టింపు తెలివి ఉన్నట్టు కాదు. నిద్ర చాలకపోయినా, టెన్షన్ పడినా స్కోరు తగ్గొచ్చు. అందుకే మంచి రిపోర్టులో ఒక్క అంకెతో సరిపెట్టరు, ఇంత నుంచి ఇంత అని పరిధి కూడా ఇస్తారు.

గొప్పవాళ్లవడం సంగతి అమెరికాలో లూయిస్ టెర్మన్ పరిశోధనే చెబుతుంది. 1921లో మొదలుపెట్టి ఐక్యూ బాగా ఎక్కువున్న సుమారు 1,500 మంది పిల్లల్ని దశాబ్దాలపాటు గమనించారు. చాలామంది బాగానే స్థిరపడ్డారు గానీ, ఒక్కరికీ నోబెల్ రాలేదు. స్కోరు చాలక ఎంపిక కాని విలియం షాక్లీకి 1956లో, లూయీ అల్వరెజ్‌కి 1968లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

అలాగని ఐక్యూ పరీక్షలన్నీ బూటకం అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. ఒక రకం పరీక్షలో బాగా చేసేవాళ్లు మిగతావాటిలోనూ బాగా చేసే అవకాశం ఎక్కువని 1904లోనే చార్లెస్ స్పియర్‌మన్ గమనించాడు. చదువులో ఎలా రాణిస్తారో ఈ స్కోరు కొంతవరకు ముందే చెప్పగలదు. మీ పిల్లలు నేర్చుకోవడంలో ఇబ్బంది పడుతున్నారనిపిస్తే, శిక్షణ ఉన్న సైకాలజిస్ట్‌తో పరీక్ష చేయించండి. మొత్తం స్కోరు ఒక్కటే చాలదు, విభాగాలవారీ స్కోర్లు కూడా అడిగి తీసుకోండి.