ఆ బిళ్ళ కేంద్రం వేసింది కాదు

వారం రోజులుగా బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. "మన హీరో బొమ్మతో కేంద్రం తపాలా బిళ్ళ విడుదల చేసింది. బతికుండగా ఈ గౌరవం దక్కిన తొలి భారతీయుడు ఆయనే. తెలుగు నటుల్లో ఇంతకుముందు ఎన్టీఆర్‌కు తప్ప ఎవరికీ రాలేదు. కొని దాచుకోండి, రేపు వేలు పలుకుతుంది." ఆ నటుడంటే నాకూ ఇష్టమే. కానీ ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు ఆ ఫొటోను పెద్దది చేసి చూడండి. మధ్యలో చిల్లుల వరుస ఉంది. ఒక పక్క తాజ్‌మహల్, దాని మీదే 'భారత్' అన్న అక్షరాలు, వెల. రెండో పక్క నటుడి ముఖం, దాని మీద వెల లేదు. అసలు బిళ్ళ తాజ్‌మహల్‌ది, ముఖం దానికి జతచేసిన చీటీ. దీన్నే మై స్టాంప్ అంటారు. తపాలా శాఖ 2011లో మొదలుపెట్టింది. ఫొటో ఇచ్చి 300 రూపాయలు కడితే 12 బిళ్ళల షీటు ఎవరికైనా వేసిస్తారు. మా వీధిలో ఒక తాతగారి షష్టిపూర్తికి పిల్లలు ఇలాగే వేయించారు. అభిమానులు ప్రేమతో వేయించుకుంటే తప్పేమీ లేదు, దాన్ని కేంద్రం ఇచ్చిన గౌరవమని చెప్పుకోవడమే తప్పు.

'తొలి భారతీయుడు' అన్న మాటను బరంపురం వాళ్లే పంపడం నాకు మరీ బాధ కలిగించింది. ఈ ఊళ్లో పుట్టిన వి.వి.గిరిగారు 1974లో రాష్ట్రపతి పదవి నుంచి దిగుతున్నప్పుడు ఆయన బొమ్మతో బిళ్ళ వచ్చింది. ఆ తర్వాత ఆయన దాదాపు ఆరేళ్లు జీవించారు. అంతకుముందే 1958లో స్త్రీవిద్యకు పాటుపడిన సంఘసంస్కర్త కర్వేకు, 1960లో విశ్వేశ్వరయ్యకు నూరేళ్ల వేడుకల వేళ బిళ్ళలు వేశారు. మామూలుగా బతికున్నవారికి వేయరు, ఇవి అరుదైన మినహాయింపులు.

ఇక ఎన్టీఆర్ ఒక్కరేనా? ఆయన బిళ్ళ 2000 మే 28న వచ్చింది. 2011 ఫిబ్రవరిలో నూతన్, మీనాకుమారి, దేవికారాణి తదితర ఆరుగురు కథానాయికల వరుసలో మన సావిత్రికీ వేశారు. 2013 మే 3న భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా ఒకేసారి వచ్చిన 50 బిళ్ళల్లో ఎస్వీ రంగారావు, భానుమతి, అల్లు రామలింగయ్య ఉన్నారు. సావిత్రి లేదన్నట్టు రాసిన మాటను తెలుగువాళ్లే పంచుకుంటుంటే మనసు చివుక్కుమనదా?

వేలు పలకడం సంగతి సరేసరి. ఎవరు అడిగినా మళ్లీ వేసిచ్చే షీటుకు ఆ ధర ఎందుకొస్తుంది? మొన్న ఒకరు ఫోన్ చేసి ఆ షీటు 2,000 రూపాయలకు ఇస్తానన్నారు. 300 కట్టి పోస్టాఫీసులోనే వేయించుకుంటానని చెప్పాను.