వసంతానికి క్రమశిక్షణ లేదు

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత ఋతువు. అంటే ఉగాది పచ్చడి తిన్నాక గానీ వసంతం ఊళ్లో అడుగుపెట్టకూడదు. మాఘ ఫాల్గుణాలను మన పెద్దలు శిశిరానికి రాసిచ్చేశారు. మరి జరుగుతున్నదేమిటి? సంక్రాంతి ముగ్గులు చెరక్కముందే మామిడి పూతకొస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందో లేదో, మోదుగ చెట్టు ఒంటిమీద ఒక్క ఆకు కూడా ఉంచుకోకుండా ఎర్రగా పూసి కూర్చుంటుంది. రావిచెట్టు ఒక కొమ్మకు ఆకులు రాలుస్తూనే ఇంకో కొమ్మకు చిగుళ్లు తొడుగుతుంది. పక్క పొలం ఆసామి రాత్రికి రాత్రి గట్టు జరుపుకున్నట్టు ఒక ఋతువు ఇంకో ఋతువులోకి జరిగిపోతుంటే అడిగే నాథుడు లేడు.

దీనివల్ల నష్టపోతున్న వర్గం గురించి ఇంతవరకు ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఒక్క ముక్క లేదు. వాయిదాల మీద కెమెరా కొనుక్కుని, ఆదివారం తెల్లవారుజామున అలారం పెట్టుకుని, ప్రకృతిని ఉద్ధరించడానికి బయల్దేరే ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ల గురించి నేననేది. మా తోడల్లుడు వాళ్లలో ఒకడు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. కెమెరాతోపాటు ఇచ్చిన లెన్స్ దేనికీ పనికిరాదని కొన్న మర్నాడే తెలిసింది. ఆ తర్వాత దూరం పిట్టలకొకటి, దగ్గర పురుగులకొకటి, మనిషి వెనకాల ఉన్న లోకాన్ని మసకబార్చడానికి ఒకటి కొన్నాడు. ఆ మూడోదాని ధర మా మరదలికి ఇప్పటికీ తెలీదు. ఆవిడ నా వ్యాసాలు చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

అతను ఈ విద్య నేర్చింది యూట్యూబ్‌లో, ఎక్కడో ఉత్తర ఐరోపాలో ఉండే ఒక గురువు దగ్గర. ఆ గురువుగారి దేశంలో వసంతానికి ఒక పద్ధతుంది. నెలల తరబడి మంచు ఉంటుంది, అది కరుగుతుంది, అందులోంచి ఓ చిన్న తెల్లపువ్వు తల బయటపెడుతుంది. సూర్యుడు కూడా ఏటవాలుగా, తాపీగా పైకొస్తాడు. బంగారు వెలుగు చాలాసేపు ఉంటుంది. కాఫీ తాగొచ్చి ఫోటో తీసుకున్నా కొంపలేం మునగవు. మన సూర్యుడికి ఆ మర్యాద తెలీదు. భూమధ్యరేఖకు దగ్గరవాళ్లం కదా, నిటారుగా ఎక్కేస్తాడు. ఆరున్నరకు చూసిన బంగారం ఏడున్నరకల్లా సున్నం అయిపోతుంది. ఎనిమిదింటికి మొహాలకు కళ్లుండవు, కంటిగుంటల్లో నల్లటి నీడలే ఉంటాయి. ఈ విషయం మీద సూర్యుడికి వినతిపత్రం ఇచ్చే వీలుందా అని మావాడు ఆలోచించాడు గానీ, రథసప్తమి అప్పటికే దాటిపోయింది.

నగరంలో ఉన్నన్నాళ్లు గులాబిరంగు టబేబుయాలతో సరిపెట్టుకున్నాడు. ఫిబ్రవరి, మార్చిల్లో హైదరాబాద్ రోడ్ల పక్కన ఆకు కనపడకుండా పూస్తాయవి. వాటి పుట్టిల్లు మధ్య అమెరికా. మావాడు చెట్టుకింద వెల్లకిలా పడుకుని తీసి, కరెంటు తీగలు చెరిపేసి, "జపాన్ కాదు, మన హైదరాబాదే" అని రాసి పెట్టాడు. అమెరికా చెట్టుకు జపాన్ వేషం వేసి హైదరాబాద్‌కు పేరు తెచ్చినందుకు లైకులే లైకులు. అదే వారం ఊరి అంచున మోదుగలు పూశాయి. వాటి మొదళ్లలో వెంచర్ వాళ్లు పాతిన ప్లాట్ రాళ్లు, రాయిరాయికీ నంబరు. ఎటునుంచి తీసినా "ఈస్ట్ ఫేసింగ్" అనే బోర్డు అడ్డం పడుతోందని మోదుగ ఫోటోకి అనర్హమని తేల్చేశాడు. తప్పు మోదుగదే. పూసేముందు సర్వే నంబరు చూసుకోవాలి.

కాబట్టి అసలు వసంతం పల్లెలోనే దొరుకుతుందని తీర్మానమైంది. మా ఇద్దరి అత్తగారి ఊరు తిరువూరు వైపు. మామిడి, మిర్చి రెండూ ఉన్న నేల. నాకు ట్రైపాడ్ మోసే ఉద్యోగం ఇచ్చాడు. ఊరి అల్లుళ్లకు ఒక రాజ్యాంగబద్ధమైన రక్షణ ఉంటుందని తెలుసుగా. ఏ పిచ్చిపని చేసినా మొహం మీద ఎవరూ ఏమీ అనరు. ఆ రక్షణే లేకపోతే ఆ రోజు మేం మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరేవాళ్లం కాదు.

మొదట మామిడితోట. చెట్లు విరగపూసి ఉన్నాయి. పూగుత్తుల మీదా, కింది ఆకుల మీదా సన్నటి చుక్కలు పొద్దుటి వెలుగులో తళతళలాడుతున్నాయి. మంచు బిందువులు! మావాడు మోకాళ్ల మీద కూలబడి పురుగుల లెన్స్ బిగించాడు. ఊపిరి బిగబట్టాడు, నన్నూ బిగబట్టమన్నాడు. తోట మా మామగారి తమ్ముడిది. ఆయన మెల్లగా వచ్చి కెమెరా వెనక తెరలోకి తొంగిచూశారు.

"ఇంకాస్త పెద్దది చెయ్యండి అల్లుడుగారూ."

చేశాడు.

"ఇదిగో. తేనెమంచు పురుగు పడింది," అని ఆయన తల పట్టుకున్నారు.

ఆ పురుగు పూతలో రసం పీల్చి, వెనకనుంచి జిగటగా తియ్యటి నీరు వదులుతుంది. మావాడు అరగంట నుంచి ఆరాధిస్తున్నది దాన్నే. వదిలేస్తే దానిమీద నల్లటి మసి కడుతుంది, పూత రాలిపోతుంది. మన కవిత్వంలో మెరిసిన మంచుబిందువుల్లో ఎన్ని ఈ బాపతువో ఎవరైనా పరిశోధన చెయ్యాలి. పక్క చెట్టు పూగుత్తుల మీద తెల్లటి పొడి కనపడితే, వెన్నెల రాలినట్టుందని మావాడు అటు పరిగెత్తాడు. అది బూడిద తెగులు. చిన్నమామగారికి మాత్రం ఆ కెమెరా తెగ నచ్చింది. "మా కళ్లకి ఇంత వివరంగా ఆనవండీ. అన్ని చెట్లకీ తీసి వాట్సాప్‌లో పెట్టండి, మందుల కొట్లో చూపించి గంధకం తెస్తాను," అన్నారు. కళను అవమానించడం అంటే ఇదే. ఒక్కడూ కాంపోజిషన్ గురించి మాట్లాడడు.

పూత మీద సీతాకోకచిలుక వాలుతుందని కూడా ఎదురుచూశాడు. ఈగలు వచ్చాయి. మామిడిలో పరాగ సంపర్కం పని ఎక్కువగా చేసేది ఈగలేనట. బంగినపల్లి తినేవాడు ఈగకు రుణపడి ఉన్నాడన్న నిజం ఏ గ్రీటింగ్ కార్డు మీదా వెయ్యలేం. ఈగ మొహం అలాంటిది మరి.

కోయిల ఇంకా అన్యాయం చేసింది. వసంతానికి అధికార ప్రతినిధి అయ్యుండి ఆకుల మధ్య దాక్కుంటుంది. ఫోన్‌లో కోయిల కూత రికార్డు పెడితే, తన ఇలాకాలోకి ఎవడొచ్చాడో తేల్చుకుందామని ఓ మగకోయిల ఎగిరొచ్చింది. కూసేది మగదే లెండి. ఆడది గోధుమరంగు ఒంటిమీద చుక్కలేసుకుని వేరేగా ఉంటుంది. పాపం ఆ పిట్ట జత కోసం చూసుకునే కాలంలో దానికి లేనిపోని టెన్షన్ పెట్టి, ఎర్రటి కన్నుతో సహా ఫోటో సాధించాడు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే వాళ్ల పిన్ని, "కాకి చాలా బాగా పడింది నాన్నా," అని జవాబిచ్చింది.

ప్రకృతితో లాభంలేదని నిత్యజీవితం మీద పడ్డాం. మా మరదలు రోజూ ఆఫీసు నుంచొచ్చి పప్పు రుబ్బుతుంది, పిల్లాడి లెక్కలతో కుస్తీ పడుతుంది. అది నిత్యజీవితం కిందికి రాదు. నిత్యజీవితానికి మట్టిగోడ ఉండాలి, మనుషులు మనకు తెలియనివాళ్లై ఉండాలి. మొన్న పిల్లాడి స్కూలుకు పాస్‌పోర్ట్ సైజు ఫోటో కావలిస్తే వాళ్లు వీధి చివరి స్టూడియోకే వెళ్లారు. "ఆయన అలాంటివి తియ్యరు బావగారూ," అంది నాతో.

మిర్చి కల్లం దగ్గర ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఎర్రటి నేల, రంగురంగుల తలగుడ్డలు. మావాడికి కళ్లు చెమర్చాయి. సగం ఆనందం, సగం ఘాటు.

"అమ్మా, ఒక్కసారి చేటతో కాయలు పైకి ఎగరెయ్యండి. నావైపు చూడకుండా, మామూలుగా."

"మామూలుగా మేం ఎగరెయ్యం బాబూ. ఏరతాం," అంది ఒకావిడ.

"ఫోటో కోసం..."

"ఎగరేస్తే కాయ పగిలి గింజ రాలద్ది. యార్డులో రేటు తగ్గితే మా ఆసామి మమ్మల్ని ఎగరేస్తాడు."

చివరికి అల్లుడుగారి మాట తీసెయ్యలేక ఒకావిడ గుప్పెడు కాయలు ఎగరేసింది. సరిగ్గా ఆ క్షణంలో కళాకారుడికి తుమ్మొచ్చింది. ఆ ఫోటోలో కల్లం లేదు, ఆవిడ లేదు, ఒక మూలగా ఆకాశం ఉంది. ఆవిడ ఇంకోసారి ఎగరెయ్యనంది. పని చేస్తున్నవాళ్లకు పని చేస్తున్నట్టు నటించే ఓపిక లేకపోవడం మన గ్రామీణ సంస్కృతికి పట్టిన కొత్త జబ్బు.

పూర్వం ఇలా ఉండేది కాదు. ఆరో నిజాం దగ్గర రాజా బిరుదు పొందిన దీన్‌దయాళ్ ఫోటో తీస్తే నవాబులైనా సరే కదలకుండా నిలబడేవారు. 1892లో హైదరాబాద్‌లో ఆయన జనానా స్టూడియో కూడా పెట్టాడు. అందులో పరదా పాటించే స్త్రీలకు ఫోటోలు తీసింది ఒక ఆంగ్ల మహిళ. వాళ్లు ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని, ఎలా కనపడాలనుకున్నారో అలా కూర్చునేవారు. అయితే ఆ ఫోటోలు అడిగి తీయించుకున్నవి కాబట్టి అందులో సహజత్వం ఉండదని మావాడి విమర్శ. సహజత్వం రావాలంటే ఎదుటి మనిషికి తెలియకూడదు. తెలిసినా తెలియనట్టుండాలి. ఫోటో తర్వాత ఏమవుతుందని అసలే అడగకూడదు. మామిడి చెట్టు ఈ షరతులన్నీ చక్కగా పాటిస్తుంది, మనుషులతోనే వస్తోంది ఇబ్బంది.

తిరిగొస్తుంటే ఒక అరుగు మీద ముసలామె చింతపండు కొడుతూ కనపడింది. వెలిసిన చీర, చేతులనిండా పుల్లటి పొట్టు, మొహంనిండా ముడతలు. మావాడు నా చేతిలోంచి ట్రైపాడ్ లాక్కున్నంత పని చేశాడు. మూడో లెన్స్ బయటికొచ్చింది. ఆమె వెనక లోకం మసకబారింది. వరసపెట్టి తీసి, నలుపు తెలుపులోకి మార్చి, పొంగిపోతూ ఆమెకే చూపించాడు.

ఆమె కళ్లు చిట్లించి చూసింది. "రంగులేవయ్యా?"

"ఇలా ఉంటేనే బాగుంటుంది మామ్మా. దీన్ని ఆర్ట్ అంటారు."

"పోయినోళ్ల ఫోటోలాగుంది. ఉండు వస్తన్నా."

లోపలికెళ్లింది. వస్తుందో రాదో తెలీక మేం అరుగు దగ్గరే నిలబడ్డాం. తలకు నూనె రాసి దువ్వుకుని, పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. వెనకాలే ఒక పిల్లాడు నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుమ్మం పక్కన వేశాడు. అక్కడ గులాబిరంగు సున్నం వేసిన గోడ ఉంది, గోడకు ఆనించి కొత్త కూలర్ ఉంది.

"అది కొంచెం పక్కకు జరపొచ్చా మామ్మా?" అన్నాడు మావాడు దీనంగా.

"ఎందుకు జరపాలి? మా మనవడు కొన్నాడు. అదీ పడాలి."

కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, రేషన్ కార్డు ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా, సూటిగా లెన్స్‌లోకి చూసింది. కాస్త ఆ చింతచెట్టు వైపు చూడమని మావాడు ఆఖరి ప్రయత్నం చేశాడు.

"ఫోటో నువ్వు తీస్తంటే చెట్టుని చూడమంటావేంటయ్యా?"

తీశాడు. చీర, గోడ, కుర్చీ, కూలర్, దానిమీద ఇంకా పీకని స్టిక్కర్, ఏదీ మసకబారకుండా అన్నీ పడ్డాయి. ఆమె తెరలో చూసుకుని, మనవడి నంబరు చెప్పించి, నాలుగు కాపీలు కావాలంది. ఒకటి పెద్దసైజు.

"డబ్బులేమన్నా ఇవ్వాలా?"

"వద్దు మామ్మా."

"అయితే ఉండు. పక్కింటోళ్లని కూడా కేకేస్తాను."