గోడెక్కిన కవిత గారికి, నిచ్చెన పట్టుకున్నవాళ్లు రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ గోడకవిత గారి దివ్యసముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి రెండో పాదంలో లైటు పోయిందని విని చింతిస్తున్నాం.

పుస్తకంలో ఉన్నన్నాళ్లూ తమకు ఏ కొరతా లేదు. చదివేవాడే తమర్ని కంటి దగ్గరికి తెచ్చుకునేవాడు. ఇప్పుడు వాడు బస్సులో వెళ్తున్నాడు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. గోడ 50 మీటర్ల మేర కనబడితే తమకు దక్కేది నాలుగున్నర సెకన్లు. పన్నెండు మాటలు చదివాడంటే వాడు రసికుడే. 1982లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో అమెరికన్ కళాకారిణి జెన్నీ హోల్జర్ దీపాల ప్రకటన బోర్డుకు ఎక్కించినవి పొట్టి వాక్యాలు. తమరేమో పద్నాలుగు పాదాలతో, కింద కవి పేరుతో, ఆ కింద స్పాన్సర్ లోగోతో వేంచేశారు. లోగో మాత్రం అందరికీ కనబడుతోంది.

అక్షరం ఎత్తుకు బోర్డులు రాసేవాళ్ల పాత లెక్క ఒకటుంది: 3 మీటర్ల దూరానికి 25 మిల్లీమీటర్లు. 30 మీటర్ల నుంచి హాయిగా చదవాలంటే 250. ఇది ఇంగ్లీషు అక్షరాలకు పుట్టిన లెక్క. మన 'స్త్రీ'కి పైన గుడిదీర్ఘం, కింద తావత్తు, దాన్ని చుట్టుకుని క్రావడి. మొత్తాన్నీ ఆ 250లో కుక్కితే అసలు 'స' బఠాణీ గింజంత అవుతుంది. కొలవాల్సింది వత్తులూ గుడులూ లేని ఒంటి అక్షరాన్ని. పాదాల మధ్య దాదాపు అంతే ఖాళీ వదలాలి, లేదంటే పై పాదం వత్తు దిగొచ్చి కింది పాదం గుడి మీద కూర్చుంటుంది.

ఇక తమరి ప్రయాణం. కవి యూనికోడ్‌లో పంపాడు. డిజైనర్ దాన్ని తెలుగు వత్తులు కలపడం రాని సాఫ్ట్‌వేర్‌లో అతికించాడు. 'శక్తి' కాస్తా 'శక్‌తి' అయింది. అతను తెలుగు చదవడు కాబట్టి అందంగానే ఉందనుకున్నాడు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో టైపు చేసినదైతే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అది కవితలా కాదు, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు కనబడుతుంది. విరుగుడు పాతదే: అక్షరాలన్నిటినీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మల్లోకి, మార్చి పంపడం, లోహం కోయకముందే ఒక కాగితం మీద ప్రింటు తీసి తెలుగు వచ్చినవాళ్లకు చూపించడం. రెండోది ఎందుకో ఎవరికీ గుర్తుండదు.

స్టెన్సిల్ కోసేటప్పుడు సున్న లోపలి బిళ్ల ఊడి కింద పడుతుంది. 'ర' కడుపూ అంతే. ఆ ముక్కను పట్టుకుని ఉండటానికి ఒకటి రెండు సన్నని పట్టీలు వదలాలి. వదలకపోతే గోడ మీద సున్నకు బదులు నిండు చందమామలే.

అసలు కష్టం దీపాల అక్షరాలది. ఇంగ్లీషు అక్షరానికి సాధారణంగా ఒకే డబ్బా. మనకు అక్షరానికొక డబ్బా, వత్తుకొక డబ్బా, సున్నకొకటి. ప్రతి డబ్బాకూ వైరు, ప్రతి వైరుకూ అతుకు, ప్రతి అతుకులోనూ తేమ. నీళ్లు రాకూడదని డబ్బా చుట్టూ సిలికాన్ పూసేస్తారు. తేమ లోపలే నీరు కడుతుంది, పోవడానికి కింద చిన్న కన్నాలు ఉండవు, అతుకు చిలుమెక్కుతుంది. దీపాలకు కరెంటిచ్చే 100 వాట్ల సప్లైకి 80 వాట్ల దాకా తగిలించి ఆపమంటే 100కీ బిగిస్తారు, అది వేసవిలోనే కన్నుమూస్తుంది.

వత్తు ఆరితే ఏమవుతుందంటారా? 'నమ్మకం'లో మావత్తు పోయి రాత్రిపూట 'నమకం' వెలుగుతోంది. చమకం కూడా రాయించేస్తే అభిషేకం మొదలుపెట్టొచ్చు. 'అందరం'లో మొదటి సున్న పోయి 'అదరం' అయింది. కవికి తట్టని ధైర్యం తుప్పుకు తట్టింది.

రంగుతో రాయించుకుంటే తిప్పలు తక్కువే. కాకపోతే కొత్త సిమెంటు పూతకు 28 రోజులు ఆరే గడువివ్వాలి. ఆవిష్కరణ ముహూర్తం పదో రోజుకే ఉంటుంది. గోడలోని క్షారం రంగును తింటుంది, తెల్లటి ఉప్పు పొంగుతుంది, ఉపమానాలు పెచ్చులుగా రాలతాయి. ఎండ తగిలేచోట చౌక ఎరుపు అందరికంటే ముందు వెలిసిపోతుంది, విప్లవ కవితలకు ఇది తప్పకుండా చెప్పాలి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 1992 నుంచి గోడలకెక్కిన కవితలు వంద దాటాయి, చాలావరకు రాసిన భాషలోనే, ఆ లిపిలోనే. అక్కడైనా ఎండ ఎండే.

వానొస్తేనే కనబడే కవితలూ ఉన్నాయి. స్టెన్సిల్ పెట్టి నీరంటని ద్రావణం కొడతారు, చుట్టూ తడిసి నల్లబడ్డ కాంక్రీటులో అక్షరాలు పొడిగా మిగులుతాయి. కొన్ని వారాల్లో చెప్పుల కింద అరిగిపోతాయి. మాకు వాటి మీద ఏ ఫిర్యాదూ లేదు, నిచ్చెన అక్కర్లేదు.

షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2014లో వేలాడదీసిన కవితనైతే చూసి నేర్చుకోండి. వెడల్పు 10 మీటర్లు, పొడవు 20. బట్టకు పూసిన టైటానియం డయాక్సైడ్ వెలుతురు సాయంతో గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచేది. ఒక్కడూ చదవకపోయినా పని చేసేది.

ఇట్లు,
తమరి బరువు మోసేవాళ్లు

తా.క.: ఈసారి చేయించుకునేటప్పుడు మావత్తులు రెండు అదనంగా చేయించి దాచుకోండి. సున్నలు నాలుగు.