పచ్చ బస్సు గుడికి పోదు

మా అమ్మ జనగామ నుంచి అమెరికాలో డల్లాస్ దగ్గరున్న మా ఊరు ఫ్రిస్కో వచ్చి నాలుగు రోజులైంది. పొద్దున కిటికీ దగ్గర కూర్చుని చాయ్ తాగుతూ వీధిలోకి చూసి అడిగింది: "రోజూ ఈ యాళ్లకే వస్తున్నది, ఆ పచ్చ బస్సు హనుమాన్ల గుడి దిక్కు పోతదా బిడ్డా?"

అది స్కూలు బస్సు. "పిల్లలది అమ్మా, పెద్దవాళ్లను ఎక్కించుకోరు" అన్నాను.

"మరి పెద్దోళ్ల బస్సేది?"

జవాబు చెప్పలేక లాప్‌టాప్ తెరుచుకున్నాను. అరవై ఎనిమిదేళ్ల ఈ మనిషి ఊళ్లో ఎవరినీ బతిమాలుకోదు. పల్లెవెలుగు ఎక్కి చెల్లెలింటికి స్టేషన్ ఘన్‌పూర్ పోతుంది, ఎక్స్‌ప్రెస్ ఎక్కి హనుమకొండలో కంటి డాక్టరుకు చూపించుకుని సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన దగ్గర్నుంచి ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని, జీరో టికెట్ కొట్టించుకుని తిరుగుతోంది. అలాంటి మనిషి ఇక్కడ నాలుగు మైళ్ల దూరంలోని గుడికి వెళ్లాలంటే నా మీటింగ్ అయ్యేదాకా చెప్పులేసుకుని సోఫాలో కూర్చోవాలి.

ఇది ఫ్రిస్కో దురదృష్టం కాదు, ఫ్రిస్కో ఎంచుకున్న దారి. టెక్సాస్‌లో మనం కట్టే సేల్స్ టాక్స్ 8.25 శాతం. అందులో 6.25 రాష్ట్రానిది, మిగిలిన రెండు, అంటే డాలరుకు రెండు సెంట్లు, ఊరివి. డల్లాస్, ప్లానో, అర్వింగ్ లాంటి ఊళ్లు ఆ రెండు సెంట్లలో ఒకటి డల్లాస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్‌కి ఇచ్చి బస్సులూ రైళ్లూ తెచ్చుకున్నాయి. ఫ్రిస్కో ఆ సెంటును సగం ఆర్థికాభివృద్ధికి, సగం ఊరి సదుపాయాలకు పెట్టుకుంది. దాంతో ఆఫీసులు, స్టేడియాలు, పార్కులు వచ్చాయి, ఇళ్ల ధరలు పెరిగాయి, మనమూ వచ్చాం. పెద్దోళ్ల బస్సు మాత్రం రాలేదు.

మన వీకెండ్ పార్టీల్లో ఈ బస్సు మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే గిత్తితే బుల్లెట్ ట్రైన్ మాట. "డల్లాస్ నుంచి హ్యూస్టన్ 240 మైళ్లు. జపాన్ రైలు వస్తే గంటన్నరలో దిగొచ్చు. ఎన్నాళ్లు ఈ ఐ-45 హైవే మీద నడపడం!" అని బిర్యానీ ప్లేటు పట్టుకుని ఎవరో ఒకరు మొదలుపెడతారు. నాకూ ఆ రైలు కావాలి. మాడిసన్‌విల్ దగ్గర బకీస్ పెట్రోలు బంకులో ఆగి కాఫీ తాగడం తప్ప ఆ దారిలో నాకు నచ్చేదేమీ లేదు. రైలు కోసం భూమి సేకరించే హక్కు దాన్ని కట్టాలనుకున్న టెక్సాస్ సెంట్రల్ కంపెనీకి ఉందని 2022లో టెక్సాస్ సుప్రీంకోర్టు తేల్చింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ రైలు ప్రాజెక్టుకిచ్చిన 6.39 కోట్ల డాలర్ల గ్రాంటును రద్దు చేసింది. మనవాళ్ల వాదన అక్కడితో ఆగుతుంది: డబ్బుల్లేవు, రాజకీయం.

నన్ను తొలిచేది ఇంకోటి. హ్యూస్టన్ స్టేషన్‌కు అనుకున్న చోటు డౌన్‌టౌన్ కాదు. ఊరికి వాయవ్యాన, రెండు ఫ్రీవేలు కలిసే దగ్గర, మూతపడ్డ పాత మాల్ స్థలం. గంటన్నరలో అక్కడ దిగి ఏం చేస్తాం? కారు అద్దెకు తీసుకోవాలి, లేదా షుగర్‌ల్యాండ్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేయాలి.

జపాన్ 1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకా మధ్య తన బుల్లెట్ ట్రైన్ షింకన్‌సెన్ నడిపినప్పుడు అప్పటిదాకా ఆరున్నర గంటలు పట్టే ప్రయాణం నాలుగు గంటలకు తగ్గింది. ఇప్పుడు రెండున్నర గంటల లోపే. గుద్దుకోవడం వల్లో పట్టాలు తప్పడం వల్లో అందులో ఇప్పటివరకు ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. ఇవన్నీ మనం వాట్సాప్‌లో పంచుకుంటాం. కానీ టోక్యో స్టేషన్‌లో దిగినవాడికి మెట్లు దిగగానే నాలుగైదు నిమిషాలకో లోకల్ రైలు ఉంటుంది. షింకన్‌సెన్ రాకముందే అది ఉంది. చెట్టు ఉంది కాబట్టి కాయ కాసింది. మనం కాయ ఒక్కటే కొనుక్కురావాలని చూస్తున్నాం.

అలాగని జపాన్‌లో అంతా సవ్యంగా జరగలేదు. ఆ లైన్లోనే గిఫు-హషిమా అని ఒక స్టేషన్ ఉంది, కట్టేనాటికి చుట్టూ పొలాలే. ఓనో బన్‌బొకు అనే పెద్ద నాయకుడు పట్టుబట్టడం వల్లే వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. స్టేషన్ ముందు ఆయనా ఆయన భార్యా విగ్రహాలై నిలబడి ఉంటారు. వందేభారత్‌కు మా ఊళ్లో హాల్ట్ కావాలని ఎంపీల చుట్టూ తిరిగే మనకు ఈ కథ కొత్తేమీ కాదు.

స్టేషన్ ఎక్కడ పెట్టారన్నదే ఊరి జాతకం ఎలా మారుస్తుందో స్పెయిన్‌లో చూడాలి. 1992లో మాడ్రిడ్, సెవిల్ మధ్య వాళ్ల తొలి హైస్పీడ్ లైను తెరిచారు. మధ్యలో సియుదాద్ రియల్ అనే చిన్న పట్టణం, మాడ్రిడ్‌కు దాదాపు 170 కిలోమీటర్లు. స్టేషన్ ఊరికి ఆనుకునే కట్టారు, నడిచి వెళ్లొచ్చు. మాడ్రిడ్ గంటలోపు ప్రయాణమైంది. అక్కడ ఉద్యోగం చేస్తూ ఇక్కడ కాపురముండేవాళ్లు తయారయ్యారు. ఇక్కడి యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి మాడ్రిడ్ నుంచి పొద్దున రైలెక్కే పంతుళ్లూ తయారయ్యారు. రోజూ తిరిగేవాళ్ల కోసం ప్రత్యేకంగా రైళ్లు వేసి, పాసులు ఇచ్చారు. రాజధానికి వలస పోకుండానే రాజధాని జీతం తెచ్చుకునే వీలు దొరికింది.

2003లో బార్సిలోనా వైపు లైను మీద గ్వాదలహారా పట్టణానికీ స్టేషన్ వచ్చింది. వచ్చింది గానీ ఊళ్లో కాదు, దాదాపు పది కిలోమీటర్ల అవతల యెబెస్ దగ్గర, ఖాళీ నేలలో. పక్కనే 30 వేల మందికి సరిపడే కొత్త పట్టణం గీశారు. వెంచర్లు, బ్రోచర్లు, "స్టేషన్‌కు నడక దూరం" అన్న ప్రకటనలు. మన రింగ్ రోడ్ల చుట్టూ ప్లాట్లు కొన్నవాళ్లకు ఆ బ్రోచర్ చదవకుండానే కంఠతా వచ్చేసి ఉంటుంది. 2008లో రియల్ ఎస్టేట్ కూలింది, సగం కట్టిన వీధులు వెలవెలబోయాయి. గ్వాదలహారా జనం మాత్రం ఊళ్లోంచి మాడ్రిడ్ వెళ్లే పాత లోకల్ రైలే ఎక్కుతూ వచ్చారు. అదే దేశం, అదే రైలు, అదే వేగం.

ఇక్కడ బస్సు లేకపోవడానికి మనం కడుతున్న ఖరీదు మన లెక్కల్లో కనపడదు. కొత్త కారు నడపడానికి ఏడాదికి సగటున 12 వేల డాలర్ల పైనే అవుతుందని ఇక్కడి వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2024లో లెక్క కట్టింది. మన ఇళ్లలో రెండు, పిల్లాడికి పదహారు రాగానే మూడు. డిగ్రీలుండి, భర్త వెంట హెచ్4 వీసా మీద వచ్చి, లైసెన్సు చేతికొచ్చేదాకా నాలుగు గోడల మధ్య ఉండే అమ్మాయిల లెక్క ఎవరు కడతారు? ఇంకో లెక్క రాయాలంటేనే చేయి రాదు. దిగిన నెలలోనే పాత కారు కొనుక్కుని, పార్ట్‌టైమ్ ముగించుకుని అర్ధరాత్రి హైవే ఎక్కే పిల్లలు. అలాంటి పిల్లల్ని ఇంటికి పంపడానికి మన అసోసియేషన్లు చందాలు పోగుచేస్తాయి. ఈ దేశంలో రోడ్లమీద ఏటా 40 వేల మందికి అటూ ఇటూగా పోతున్నారు.

"టెక్సాస్ ఎండల్లో బస్సు ఎవడెక్కుతాడు, ఖాళీగా తిరుగుతున్నాయి కదా" అంటారు. నిజమే, గంటకొకటి వచ్చే బస్సు ఖాళీగానే తిరుగుతుంది, దాన్ని నమ్ముకుని ఉద్యోగానికి పోలేం. తెలంగాణలో టికెట్ తీసేయగానే నిలబడే చోటు లేకుండా పోయింది. సీట్ల కోసం కొట్లాటలు, గిరాకీ పోయిందని ఆటోవాళ్ల ధర్నాలు, అన్నీ జరిగాయి. ఆటోవాళ్ల బాధ అబద్ధం కాదు, ప్రభుత్వం దాన్ని ముందే ఆలోచించాల్సింది. కానీ అన్నాళ్లూ ఆ ఆడవాళ్లంతా బస్సు అక్కర్లేక కదా ఇంట్లో ఉన్నది!

2025 అక్టోబరులో డార్ట్ సిల్వర్ లైన్ అనే కొత్త రైలు మార్గం తెరిచింది. ప్లానో నుంచి యూటీ డల్లాస్ మీదుగా ఎయిర్‌పోర్టుకు 26 మైళ్లు. మరుసటి నెలలోనే ప్లానో, అర్వింగ్ సహా కొన్ని ఊళ్ల కౌన్సిళ్లు డార్ట్‌లోంచి బయటికి పోవాలా అని జనాన్ని ఓటు అడగాలని తీర్మానించాయి. మనం కట్టేది ఎక్కువ, వచ్చేది తక్కువ అన్నది వాళ్ల వాదన. గుడికి పర్మిషన్ కావాలన్నప్పుడు కౌన్సిల్ హాలు నింపేసే మనం, బస్సు మీద చర్చ జరిగే రాత్రి ఒక్కరమైనా వెళ్లామా? నేను వెళ్లలేదు.

అమ్మను ఒక శనివారం ఆ రైలెక్కించాను. యూటీ డల్లాస్ స్టేషన్‌లో రెండు సూట్‌కేసులతో ఒక కుర్రాడు ఎక్కాడు. అమ్మ చూపు ఆ సూట్‌కేసుకు కట్టిన ఎర్ర రిబ్బను మీద పడింది.

"ఏ ఊరు బిడ్డా?"

"నల్గొండ, అమ్మమ్మా."

ఎయిర్‌పోర్టు వచ్చేదాకా వాడి అక్క పెళ్లి ఖర్చుతో సహా అంతా రాబట్టింది. ఇంటికొచ్చాక రైలు టైములు పెద్దక్షరాలతో కాగితం మీద రాసిమ్మంది. రాసిచ్చాను.

"ఇంటికాడి నుంచి స్టేషన్ దాక ఎట్ల పోవాలె?"

"నేనే దింపాలమ్మా."

కాగితం నాలుగు మడతలు పెట్టి, పర్సులో ఆధార్ కార్డు పక్కన పెట్టుకుంది. "రేపు నీ మీటింగు ఎన్ని గంటలకు?" అనడిగింది.