అమ్మా, నువ్వు కూచో!

తిరుపతిలో మా బైరాగిపట్టెడలో కన్నవాళ్ల మీద గౌరవాన్ని కుర్చీతో కొలుస్తాం. అమ్మ ఎంతసేపు కూచుంటే కొడుకు అంత మంచోడు. ఆ లెక్కన మా వీధికి శ్రవణకుమారుణ్ణి నేనే. ఆయన మాత్రం అమ్మానాన్నల్ని కావడిలో కూచోబెట్టలేదూ? నడిపించాడా?

అమ్మకు 72 ఏళ్లు. మొన్నమొన్నటి దాకా తెల్లారకముందే లేచి వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, నడుం వంచి చుక్కల ముగ్గు వేసేది. ‘కోడలుండి కూడా ముసలామెతో ముగ్గేయిస్తా ఉండారే’ అనింది ఎదురింటామె. ఒక్క మాటే. మర్నాటికి మా గడప ముందు స్టిక్కర్ ముగ్గు వెలిసింది. ఆపైన పూలు, కూరగాయలు ఫోన్‌లో తెప్పించడం మొదలైంది. వడియాలు పెట్టడానికి మిద్దె ఎక్కుతుందేమోనని మెట్లకు గేటు పెట్టించి తాళం నా దగ్గరే ఉంచుకున్నా. ఇక అమ్మ చేతిలో మిగిలింది టీవీ రిమోటొక్కటే. నోటితో చెబితే ఛానల్ మారే టీవీలు వచ్చాయంట, కనుక్కుంటున్నా.

ముసలితనంలో మనిషి వడిలిపోవడానికి 2001లో లిండా ఫ్రీడ్ అనే అమెరికా డాక్టరమ్మ, ఆమెతో పనిచేసినవాళ్లు అయిదు గుర్తులు చెప్పారు. తగ్గించుకోవాలని అనుకోకుండానే బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, పిడికిట్లో పట్టు సడలడం, నడక మందగించడం, ఒళ్లు కదిలించే పనులు తగ్గిపోవడం. అయిదింట్లో మూడుంటే మనిషి పూర్తిగా వడిలినట్టే. అమ్మకు రెండొచ్చాయి. మూడోదాని కోసం ఇంటిల్లిపాదీ కష్టపడుతున్నాం.

డాక్టర్ల దగ్గర ఇంకో పరీక్ష ఉంది. కుర్చీలోంచి లేవాలి, మూడు మీటర్లు నడవాలి, వెనక్కొచ్చి కూచోవాలి. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. మా ఇంట్లో ఈ పరీక్ష సాగదు. అమ్మ కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి, ఒకసారి ముందుకు ఊగి, ‘గోవిందా’ అని రెండోసారి ఊగేలోపే ముగ్గురం పరిగెత్తుకొచ్చి ‘ఏం కావాలమ్మా?’ అంటాం. ఆమె మళ్లీ కూలబడుతుంది. అప్పటికి నాలుగు సెకన్లు. డాక్టరు కూడా ఇంత వేగం చూసి ఉండడు.

65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటిది చెయ్యాలనీ, రెండ్రోజులు కండలకు పని చెప్పాలనీ, మూడ్రోజులు తూలిపడకుండా నిలబడే సాధన చెయ్యాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ సంస్థకు ఎదురింటామె లేనట్టుంది. (నా సంగతంటారా, రోజూ యూనివర్సిటీ గ్రౌండు దాకా కారులో పోయి నడిచొస్తా.)

అన్నిటికన్నా అలిపిరి దారి చూస్తేనే నా కడుపు రగిలిపోతుంది. 3,550 మెట్లు. అమ్మ ఈడు ఆడవాళ్లు మెట్టు మెట్టుకూ వంగి పసుపు పూసి, కుంకుమ పెట్టి, లేచి, ఇంకో మెట్టెక్కి మళ్లీ వంగుతుంటారు. ఎంతమంది కొడుకుల పరువు ఆ మెట్ల మీద పోతోందో! పోయిన నెల గాలిగోపురం దగ్గర ఒకామె పసుపు గిన్నెతో చకచకా పోతోంది. కింద ఇరవై మెట్ల దూరంలో కొడుకు కాబోలు, నడుం పట్టుకుని ‘అమ్మోవ్, రోంతసేపు ఆగు!’ అని రొప్పుతున్నాడు. ఆ కుటుంబం ఎలా తలెత్తుకు తిరుగుతోందో.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అందరం కునుకు తీస్తుంటే పెరట్లో ఏదో గరగర. వెళ్లి చూద్దును కదా, మూలన పడేసిన రోటి ముందు అమ్మ! ఊరుబిండి నూరుతోంది. నన్ను చూసి గోడ పట్టుకుని లేచి నిలబడింది.

“ఎవరు లేపినారమ్మా నిన్ను?” అన్నా.

“అందరూ పండుకున్నారు కదరా, అందుకే లేచినా,” అని చెయ్యి కడుక్కుంది.

రోటికి తాళం పెట్టే మనిషి కోసం వెతుకుతున్నా. ఆ రాత్రి సంగటిలోకి ఊరుబిండి మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నా.